ఆస్ట్రేలియాలో మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ ఇంటర్వ్యూలు

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఎంబీఏకో, ఇంజనీరింగ్ మాస్టర్స్‌కో, పీహెచ్‌డీకో దరఖాస్తు చేసిన అభ్యర్థితో సీటు ఖాయం చేసే ముందు జరిపే సంభాషణే ప్రవేశ ఇంటర్వ్యూ. తెలుగు విద్యార్థులు ఒకే పేరుతో పిలిచే ఈ ఇంటర్వ్యూ నిజానికి మూడు రకాలు. మొదటిది బిజినెస్ స్కూల్ జరిపే ఎంపిక ఇంటర్వ్యూ; అభ్యర్థి తరగతికి ఏం తెస్తాడో చూస్తుంది. రెండోది పరిశోధన డిగ్రీకి కాబోయే గైడ్‌తో జరిగేది; అభ్యర్థి పని చేయగలడా అని చూస్తుంది. మూడోది వచ్చేది నిజంగా చదువుకోవడానికేనా అని విశ్వవిద్యాలయ ప్రవేశ విభాగం ఆరా తీసే ‘జెన్యూన్ స్టూడెంట్’ ఇంటర్వ్యూ. దీన్నే కన్సల్టెన్సీల భాషలో జీఎస్ ఇంటర్వ్యూ అంటారు. మూడింటిలోనూ అడిగేవారు వేరు, వెతికేది వేరు. ఒకదానికి సిద్ధమై మరొకదానికి హాజరుకావడమే మన విద్యార్థుల తడబాటుకు తరచూ కారణం.

ఎక్కువమంది తెలుగు విద్యార్థులు చేరే కోర్సువర్క్ మాస్టర్స్‌కు ప్రతిభను తూచే ఇంటర్వ్యూ సాధారణంగా ఉండదు. ఇంజనీరింగ్, ఐటీ, డేటా సైన్స్, బిజినెస్ అనలిటిక్స్, ప్రొఫెషనల్ అకౌంటింగ్ వంటి కోర్సులకు మార్కుల జాబితాలు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు చూసి ఆఫర్ ఇస్తారు. ఈ విద్యార్థులకు ఎదురయ్యేది చాలావరకు మూడో రకం ఇంటర్వ్యూ ఒక్కటే.

నేపథ్యం

1951లో మొదలైన కొలంబో ప్రణాళిక కింద ఆసియా దేశాల విద్యార్థులు ఆస్ట్రేలియాకు ప్రభుత్వ సాయంతో వెళ్లేవారు. విదేశీ విద్యార్థుల నుంచి పూర్తి ఫీజు తీసుకుని చేర్చుకునే విధానాన్ని ఆ దేశం 1985లో ప్రకటించింది. అప్పటి నుంచి విదేశీ విద్యార్థి విశ్వవిద్యాలయాలకు పెద్ద ఆదాయ వనరయ్యాడు. విద్యార్థులను వెతికిపెట్టే ఏజెంట్లు, ఆఫర్ లెటర్లు, ఫీజు డిపాజిట్లు ఆ వెంటే వచ్చాయి.

మేనేజ్‌మెంట్ విద్య మరో దారిలో ఎదిగింది. దేశంలో తొలి ఎంబీఏ 1963లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. నేటి మెల్‌బోర్న్ బిజినెస్ స్కూల్‌కు మూలం అదే. జాతీయ స్థాయిలో ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ కావాలని 1970లో సైయర్ట్ కమిటీ సిఫారసు చేసింది. దాని ఫలితంగా ఆ దశాబ్దంలోనే సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రేలియన్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఏర్పడింది. ఉద్యోగానుభవం ఉన్నవారినే తీసుకోవడం, తరగతిలో చర్చ ద్వారా నేర్పడం అమెరికా బిజినెస్ స్కూళ్ల నుంచి వచ్చిన అలవాటు. అలాంటి తరగతికి మార్కులు చూస్తే సరిపోదు, మనిషితో మాట్లాడాలి. ఎంబీఏ ఇంటర్వ్యూ అలా వచ్చింది.

జీఎస్ ఇంటర్వ్యూ వలస విధానంలోంచి పుట్టింది. 2009–10 ప్రాంతంలో పలు ప్రైవేటు కళాశాలలు మూతపడి, విద్యార్థి వీసాల సంఖ్య పడిపోయింది. దాంతో ప్రభుత్వం మైకేల్ నైట్ నేతృత్వంలో సమీక్ష జరిపించింది. ఆ నివేదిక ఆధారంగా 2011 నవంబరులో ‘తాత్కాలికంగానే వస్తున్నాను’ అని రుజువు చేసుకోవలసిన జీటీఈ నిబంధన వచ్చింది. 2016 జులై 1 నుంచి విద్యార్థి వీసాలన్నీ సబ్‌క్లాస్ 500 అనే ఒకే తరగతి కిందికి చేరాయి. ఆనాటి నుంచే విద్యాసంస్థ చరిత్రకు, విద్యార్థి దేశానికి ముడిపెట్టి పత్రాల అవసరాన్ని నిర్ణయించే పద్ధతి మొదలైంది. ఒక విశ్వవిద్యాలయం చేర్చుకున్నవారిలో వీసా తిరస్కరణలు, రద్దులు పెరిగితే దాని రేటింగ్ దెబ్బతింటుంది. అందుకే వీసా అధికారి వేయాల్సిన ప్రశ్నలను విశ్వవిద్యాలయమే ముందుగా వేయడం మొదలుపెట్టింది.

2024 మార్చి 23 నుంచి జీటీఈ స్థానంలో జీఎస్ నిబంధన అమలులోకి వచ్చింది. చదువు అయ్యాక తిరిగి వెళ్లిపోతానని నమ్మించాల్సిన భారం తగ్గింది. ఆపై నైపుణ్యం ఆధారంగా అక్కడే స్థిరపడే అవకాశం కొందరికి ఉంటుందని కొత్త నిబంధన ఒప్పుకుంటుంది. వచ్చిన పని మాత్రం చదువే అయ్యుండాలి.

ర్యాంకుల దారిలో వచ్చినవారు

తెలుగు రాష్ట్రాల్లో వృత్తివిద్య ప్రవేశాలన్నీ ర్యాంకుల మీదే నడుస్తాయి. ఇంజనీరింగ్‌కు ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్; ఎంబీఏకు ఐసెట్; ఎంటెక్‌కు గేట్ లేదా పీజీఈసెట్. ర్యాంకు వస్తే కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు, సీటు. ఎవరూ ఎదురుగా కూర్చుని ‘నువ్వీ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు?’ అని అడగరు. ఐఐఎంలకో, ఐఎస్‌బీకో, ఐఐటీల పరిశోధన కోర్సులకో వెళ్లే కొద్దిమందిని పక్కనపెడితే, మన పట్టభద్రుడు చూసిన ఇంటర్వ్యూ క్యాంపస్ ప్లేస్‌మెంట్లలోని హెచ్‌ఆర్ రౌండే.

ఇక విదేశీ చదువుకు సంబంధించి ‘ఇంటర్వ్యూ’ అనగానే హైదరాబాదులో చాలామంది కళ్లముందు మెదిలేది అమెరికా కాన్సులేట్ కిటికీ. చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అన్న పేరు తెచ్చింది ఆ కిటికీ దగ్గరి రెండు నిమిషాలే. ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు అలాంటి కిటికీ లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళుతుంది, వేలిముద్రలు వీసా కేంద్రంలో ఇస్తారు, నిర్ణయం ఈమెయిల్‌లో వస్తుంది. అవసరమనిపిస్తే అధికారి ఫోన్ చేసి అడగవచ్చు. అందరినీ అడగాలన్న నియమం లేదు. ముఖం చూసి మాట్లాడే ఘట్టం ఏదైనా ఉంటే అది చాలావరకు విశ్వవిద్యాలయంతోనే.

ఎంబీఏ ఎంపిక ఇంటర్వ్యూ

ఫుల్‌టైమ్ ఎంబీఏ తరగతులు చిన్నవి. కోర్సు చాలాచోట్ల ఏడాది నుంచి ఏడాదిన్నర లోపే ముగుస్తుంది. కనీసం రెండు మూడేళ్ల ఉద్యోగానుభవం, జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరు, వ్యాసాలు, సిఫారసు లేఖలు అడగడం పేరున్న స్కూళ్ల ఆనవాయితీ. జీమ్యాట్ రూపం 2023 నవంబరులో మారింది: ఇప్పుడు క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అనే మూడు భాగాలు, రెండుంబావు గంటల సమయం, 205 నుంచి 805 వరకు స్కోరు. ఈ వడపోత దాటినవారినే ఇంటర్వ్యూకు పిలుస్తారు. అంటే పిలుపు వచ్చిందంటే లెక్కల్లో, మార్కుల్లో అభ్యర్థి అప్పటికే గట్టెక్కినట్టే. మిగిలింది మాట.

సంభాషణ సాధారణంగా అరగంట నుంచి ముప్పావు గంట. ఎదురుగా ప్రవేశ విభాగం అధికారో, అధ్యాపకుడో, పూర్వ విద్యార్థో ఉంటారు. కొన్ని స్కూళ్లు దానికి ముందు రికార్డెడ్ వీడియో ఇంటర్వ్యూ పెడతాయి. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, ఆలోచించుకోవడానికి కొద్ది సెకన్లు, జవాబుకు ఒకటి రెండు నిమిషాలు. అవతల తల ఊపే మనిషి లేకపోవడం అనుభవజ్ఞులను కూడా ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్నలు కొన్ని కుదుళ్ల చుట్టూ తిరుగుతాయి. ఇప్పటిదాకా ఏం చేశారు, ఎంబీఏ ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ఈ స్కూలే ఎందుకు, తరవాత ఏం చేస్తారు అనేది మొదటి కుదురు. రెండోది అనుభవ ప్రశ్నలు: మీ మాట వినని సహోద్యోగితో ఎలా నెగ్గుకొచ్చారు, మీ నిర్ణయం బెడిసికొట్టిన సందర్భం ఏది, అధికారితో విభేదించినప్పుడు ఏం చేశారు. వీటికి జరిగినదాన్ని వరుసలో చెప్పాలి: పరిస్థితి, మీ మీద పడిన పని, మీరు వేసిన అడుగు, వచ్చిన ఫలితం. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి ‘స్టార్’ పద్ధతి అంటారు.

ఇక్కడ తెలుగు అభ్యర్థికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల నుంచి వస్తారు. ‘మేం మైగ్రేషన్ చేశాం’, ‘మా టీమ్ డెలివర్ చేసింది’ అని చెప్పడం అలవాటు. ‘నేను చేశాను’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టని ఇంట్లోనూ బడిలోనూ నేర్చుకున్న సంస్కారం. ఇంటర్వ్యూ చేసేవారికి ఆ ‘మేం’లో అభ్యర్థి వాటా ఎంతో తేలదు. పది మంది జట్టులో ఎవరి పని ఎవరిదో చెప్పి, అందులో తన నిర్ణయం ఏదో ఒక్కటి స్పష్టంగా చూపితే డంబం కాదు, సమాచారం అవుతుంది.

వైఫల్యం గురించిన ప్రశ్న రెండో చిక్కు. ‘నేను మరీ కష్టపడతాను, అదే నా బలహీనత’ వంటి జవాబులు ఇంటర్వ్యూ గైడ్లలో తిరిగి తిరిగి అరిగిపోయాయి. గడువు తప్పిన ప్రాజెక్టు, చేజారిన క్లయింటు, తప్పుగా వేసిన అంచనా వంటి నిజమైన సంఘటన చెప్పి, తరవాత ఏం మార్చుకున్నారో వివరిస్తే మాట నిలుస్తుంది. తరగతిలో తోటివారి ముందు తప్పు ఒప్పుకోగలవాడితోనే కేస్ స్టడీ చర్చ సాగుతుంది కాబట్టి ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ.

అభ్యర్థి అడిగే ప్రశ్నలకూ సమయం ఇస్తారు. వెబ్‌సైటులో దొరికే ఫీజు, సెలవుల వివరాలు అడిగితే అవకాశం వృథా. తన రంగంలో ఆ స్కూలు పూర్వ విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు, పరిశ్రమ ప్రాజెక్టు ఎలా కేటాయిస్తారు వంటివి నిజంగా ఆరా తీసినవాడి ప్రశ్నలు.

ఇంజనీరింగ్: కోర్సువర్క్, పరిశోధన

ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో పేర్లే తికమక పెడతాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2008లో డిగ్రీల నిర్మాణాన్ని మార్చింది. మూడేళ్ల డిగ్రీ తరవాత మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్ చదివితేనే అక్కడ ఇంజనీరు అవుతారు. సిడ్నీలో మాస్టర్ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీరింగ్ కూడా వృత్తిలోకి తొలి అడుగు లాంటిదే. అప్పటికే నాలుగేళ్ల బీటెక్ చేసినవారికి ప్రత్యేకాంశంలో లోతు పెంచే మాస్టర్స్ వేరే ఉంటాయి. ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలో ఆస్ట్రేలియా వ్యవస్థాపక సభ్యదేశం. భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. అందువల్ల ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు ఉన్న బీటెక్ చేసినవారిని ‘మీ డిగ్రీకి ఇప్పటికే గుర్తింపు ఉండగా మరో మాస్టర్స్ ఎందుకు?’ అని అడిగితే అది కొంటె ప్రశ్న కాదు. దానికి కోర్సులోని సబ్జెక్టుల పేర్లతో జవాబివ్వాలి.

పరిశోధన మాస్టర్స్, పీహెచ్‌డీల దారి పూర్తిగా వేరు. అక్కడ ముందు గైడ్, తరవాత సీటు. అభ్యర్థి తన ఆసక్తికి దగ్గరగా పనిచేస్తున్న అధ్యాపకుడికి ఈమెయిల్ రాస్తాడు. నచ్చితే ఆయన వీడియో కాల్‌కు రమ్మంటాడు. దాన్ని చాలామంది ‘ఊరికే మాట్లాడదాం’ అన్న పిలుపుగా అందుకుని ఊరికే వెళతారు. అసలు ఇంటర్వ్యూ అదే. అధ్యాపకుడు ఒప్పుకున్న తరవాత మిగిలేది చాలావరకు దరఖాస్తు, ఉపకార వేతనం పోటీ.

ఆ పోటీలో ముఖ్యమైనది 2017 జనవరిలో పాత పథకాల స్థానంలో వచ్చిన రీసెర్చ్ ట్రెయినింగ్ ప్రోగ్రామ్. ఫీజు మాఫీతో పాటు జీవన భత్యం ఇస్తుంది. 2025లో ఆ భత్యం కనీస మొత్తం ఏడాదికి 33,511 ఆస్ట్రేలియన్ డాలర్లు. విదేశీ విద్యార్థులకు వచ్చేవి కొన్నే. అభ్యర్థి పేరు ముందుకు నెట్టాలా వద్దా అని గైడ్ నిర్ణయించుకునేది ఆ వీడియో కాల్‌లోనే.

గైడ్ మొదట అడిగేది బీటెక్ లేదా ఎంటెక్ ప్రాజెక్టు గురించి. ప్రశ్నలు పైకి సాదాగా ఉంటాయి. థర్మల్ కేంద్రం బూడిద కలిపి కాంక్రీటు చేశానన్న సివిల్ విద్యార్థిని సిమెంటులో ఎంత శాతం మార్చారు, ఆ శాతమే ఎందుకు, 7 రోజుల బలానికీ 28 రోజుల బలానికీ తేడా ఎందుకొచ్చింది అని అడగవచ్చు. మెషీన్ లెర్నింగ్‌తో 98 శాతం కచ్చితత్వం సాధించానన్న విద్యార్థిని ఆ డేటా ఎక్కడిది, పరీక్షించిన భాగాన్ని శిక్షణ భాగం నుంచి ఎలా వేరు చేశారు, డేటాలో రెండు వర్గాలు సమానంగా ఉన్నాయా అని అడుగుతారు. అమీర్‌పేటలో డబ్బు కట్టి ప్రాజెక్టు తెచ్చుకున్నవారు రెండో ప్రశ్న దాటలేరు. సొంతంగా చేసి అనుకున్న ఫలితం రానివారు మాత్రం ఎందుకు రాలేదో పది నిమిషాలు మాట్లాడగలరు. గైడ్‌కు కావలసింది ఆ పది నిమిషాలే.

రెండో మెట్టు చదివిన పత్రాలు. ఆ అధ్యాపకుడి ఇటీవలి పరిశోధన పత్రం ఒక్కటైనా పూర్తిగా చదివి, అందులో అర్థంకానిది ఏదో చెప్పగలిగితే ‘మీ పని నాకెంతో స్ఫూర్తి’ అన్న వాక్యం అవసరం ఉండదు. మూడో మెట్టు, క్లిష్టమైన విషయాన్ని మామూలు మాటల్లో చెప్పడం. పరిశోధనను మూడు నిమిషాల్లో, ఒకే ఒక స్లయిడుతో సామాన్యులకు వివరించే ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీ 2008లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలోనే పుట్టి ప్రపంచమంతా పాకింది. ఆ నైపుణ్యానికి అక్కడెంత విలువో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇల్లు దాటకుండానే ఈ తరహా ఇంటర్వ్యూ ఎదుర్కొనే దారీ ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు మెల్‌బోర్న్‌లోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంతో సంయుక్త పీహెచ్‌డీ కార్యక్రమం ఉంది. బిట్స్ పిలానీ మెల్‌బోర్న్‌లోనే ఉన్న ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయంతో కలిసి ఉమ్మడి అకాడమీ నడుపుతోంది. బిట్స్ ప్రాంగణాల్లో ఒకటి హైదరాబాదు శివార్లలోని షామీర్‌పేట దగ్గర ఉంది. 2008లో మొదలైన ఐఐటీ బాంబే–మోనాష్ అకాడమీ ఈ కోవలో పాతది. వీటిలో విద్యార్థికి రెండు దేశాల్లోనూ గైడ్లుంటారు. ఐఐటీ పద్ధతిలో మూల సూత్రాలను తవ్వే ప్రశ్నలు, ఆస్ట్రేలియా పద్ధతిలో ‘ఈ సమస్య ఎందుకు ముఖ్యం?’ అన్న ప్రశ్నలు, రెండింటికీ సిద్ధపడి వెళ్లాలి.

జీఎస్ ఇంటర్వ్యూ

వీసా దరఖాస్తులోని జీఎస్ భాగంలో అభ్యర్థి కొన్ని ప్రశ్నలకు ఒక్కోదానికి 150 పదాలకు మించకుండా ఇంగ్లిష్‌లో జవాబు రాయాలి. కుటుంబ, ఉద్యోగ, ఆర్థిక పరిస్థితులు ఏమిటి, ఈ కోర్సును, ఈ దేశాన్ని, ఈ విద్యాసంస్థను ఎందుకు ఎంచుకున్నారు, దీనివల్ల మీకేం మేలు, ఇంకేమైనా చెప్పాలా అన్నవి అందులో ప్రధానం. విశ్వవిద్యాలయం జరిపే ఇంటర్వ్యూ దాదాపు ఇవే విషయాలను నోటితో అడగడం. కొన్ని విశ్వవిద్యాలయాలు స్వయంగా మాట్లాడతాయి, కొన్ని పత్రాలు చూసి అనుమానం వచ్చినవారినే పిలుస్తాయి. ఇది దాటితే ఫీజు కట్టించుకుని, ఆరోగ్య బీమా తీసుకున్నాక, సీఓఈ అనే ప్రవేశ ధ్రువపత్రం ఇస్తారు. సీఓఈ లేనిదే వీసాకు దరఖాస్తు లేదు.

ప్రశ్నలు ఎక్కువగా లెక్కల మీద, ఎంపికల మీద ఉంటాయి. మొదటి సెమిస్టరులో ఏ సబ్జెక్టులున్నాయి? మొత్తం ఫీజెంత? ఎక్కడ ఉంటారు, అద్దె ఎంత? ఆ నగరంలో ఇదే కోర్సు ఉన్న మరో విశ్వవిద్యాలయం వద్దని ఇది ఎందుకు ఎంచుకున్నారు? బీటెక్ మెకానికల్ చేసి ఐటీ మాస్టర్స్ ఎందుకు? రెండేళ్ల గ్యాప్‌లో ఏం చేశారు? బ్యాక్‌లాగ్స్ ఎన్ని, ఎందుకు? ఖర్చు ఎవరు పెడుతున్నారు, వారి ఏడాది ఆదాయం ఎంత?

డబ్బు ప్రశ్నకు ప్రభుత్వ లెక్క ఉంది. ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక, ఒక విద్యార్థి ఏడాది జీవన వ్యయానికి చూపాల్సిన మొత్తం 2024 మే 10 నుంచి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు. వీసా రుసుము 2024 జులైలో 710 నుంచి 1,600 డాలర్లకు, 2025 జులైలో 2,000 డాలర్లకు పెరిగింది. వీసా రాకపోతే అది తిరిగి రాదు. మన కుటుంబాల్లో ఈ డబ్బు తరచూ ఒకచోట ఉండదు. పొలం కౌలు, చీటీ పాట, బంగారం మీద అప్పు, మేనమామ సాయం, బ్యాంకు విద్యారుణం కలిసి ఒక మొత్తం అవుతాయి. అందులో తప్పేమీ లేదు. తండ్రి ఖాతాలో నిన్నటిదాకా లేని పాతిక లక్షలు ఉన్నట్టుండి ప్రత్యక్షమైతే మాత్రం అవి ఎక్కడివో కొడుకో కూతురో చెప్పగలగాలి. తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల కింద అర్హులకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ఆ మంజూరు పత్రం ఉన్నవారు దాన్ని ముందే చెప్పడం మంచిది.

పాత తిరస్కరణల సంగతి సున్నితం. అమెరికా వీసా రానివారికి ఆ విషయం దాచమని స్నేహితులు సలహా ఇస్తుంటారు. అదే అసలు ప్రమాదం. తిరస్కరణ దానికదే అడ్డంకి కాదు, అబద్ధం అడ్డంకి. నకిలీ పత్రాలు, తప్పుడు సమాచారం బయటపడితే మూడేళ్లు, గుర్తింపు విషయంలో మోసమైతే పదేళ్లు వీసా ఇవ్వకుండా ఆపే నిబంధన ఆస్ట్రేలియా వలస చట్టంలో ఉంది.

అడిగేవారి అనుమానం ఎటువైపో తెలిస్తే ప్రశ్నలు అర్థమవుతాయి. మంచి పేరున్న విశ్వవిద్యాలయం పేరుతో వచ్చి, దిగగానే చవక కళాశాలకు మారిపోయేవారు ఉన్నారు. ముఖ్య కోర్సులో ఆరు నెలలు పూర్తికాకుండా మరో సంస్థ చేర్చుకోకూడదన్న నియమం, 2023లో ఒకేసారి రెండుచోట్ల చేరే వీలు మూసివేయడం అందుకే. చదువు సాగేటప్పుడు పక్షానికి 48 గంటలకు మించి పనిచేయకూడదన్న పరిమితి కూడా 2023 జులై నుంచి తిరిగి వచ్చింది. ‘పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేస్తాను’ అన్న జవాబు ఎందుకు చెల్లదో దీనివల్ల తేలిపోతుంది.

పేరు, పిలుపు, మాట

తెలుగువారి ఇంటర్వ్యూ చాలాసార్లు పేరు దగ్గరే ఆగుతుంది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగిలినదంతా మరో గడిలో చేరుతుంది. కొందరికి ఒక గడి ఖాళీగానే ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవారు ఇంటిపేరుతోనే పలకరిస్తే ‘నన్ను ఫలానా పేరుతో పిలవండి’ అని మొదటే చెప్పవచ్చు. అక్కడ అది మామూలు మర్యాద.

పిలుపులో ఇబ్బంది ఇంకొకటి. ఆస్ట్రేలియాలో విద్యార్థులు ప్రొఫెసర్‌ను మొదటి పేరుతోనే పిలుస్తారు. ప్రతి వాక్యానికీ ‘సార్’ తగిలించే మనవారికి అది నోరు తిరగదు. ఈమెయిల్‌లో ‘డాక్టర్’, ‘ప్రొఫెసర్’ అని మొదలుపెట్టి, ఆయన తన పేరుతో సంతకం చేసి జవాబిచ్చాక అదే పేరు వాడటం అక్కడి పద్ధతి. తెలియకపోతే అడగడంలో నామోషీ లేదు. తెలియని ప్రశ్నకు ‘నాకు తెలియదు, కానీ ఇలా కనుక్కుంటాను’ అనడమూ అంతే. మన వైవాలో మౌనం తప్పు, తెలియదనడం అంతకంటే తప్పు. అక్కడి గైడ్‌కు తెలియని చోట కల్పించి చెప్పడమే పెద్ద తప్పు.

ఇంగ్లిష్ స్కోరు ఎంబీఏకు ఐఈఎల్‌టీఎస్‌లో 7, ఇంజనీరింగ్‌కు 6.5 దగ్గర అడగడం సాధారణం. స్కోరు ఉన్నా ఆస్ట్రేలియా యాస మొదట్లో చెవికి అందదు. మళ్లీ చెప్పమని అడగడం లోపంగా లెక్కకు రాదు. అర్థంకాని ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు అప్పజెప్పడమే లోపం.

సమయం, ఏర్పాట్లు

గడియారం చిన్న విషయంలా కనిపించి పెద్ద నష్టం చేస్తుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలు మన కన్నా నాలుగున్నర గంటలు ముందు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు అక్కడి గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కాబట్టి తేడా ఐదున్నర గంటలు. అంటే నవంబరులో మెల్‌బోర్న్ ఉదయం 10 గంటల ఇంటర్వ్యూ మనకు తెల్లవారుజాము నాలుగున్నర. క్వీన్స్‌లాండ్ గడియారం మార్చదు. పశ్చిమాన పెర్త్ మన కన్నా రెండున్నర గంటలే ముందు.

పాస్‌పోర్టు కెమెరా ముందు చూపమని అడగవచ్చు. ఒకరి బదులు మరొకరు మాట్లాడే మోసాలు దీనికి కారణం. గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకోవాలి. పక్కనుంచి నాన్నో, కన్సల్టెన్సీ ఉద్యోగో అందించే జవాబు మైకులో వినిపిస్తుంది. కరెంటు పోతే ఫోన్ డేటా సిద్ధంగా ఉంచుకోవడం, మాట తెగిపోతే వెంటనే ఈమెయిల్ రాయడం మంచి జాగ్రత్తలు.

చట్టం, ఫలితం

జాతి, లింగం, వైకల్యం ఆధారంగా విద్యలో వివక్షను 1975, 1984, 1992 నాటి ఆస్ట్రేలియా చట్టాలు నిషేధిస్తాయి. వినికిడి లోపమో, మాట తడబాటో ఉన్న అభ్యర్థి ఇంటర్వ్యూలో తగిన సదుపాయం కోరవచ్చు. ఎంబీఏ ఎంపికలో పెళ్లయిందా, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలకు చోటులేదు. జీఎస్ సంభాషణలో మాత్రం కుటుంబం గురించి అడుగుతారు. స్వదేశంతో బంధాలు, వెంట వచ్చేవారి ఖర్చు ఆ అంచనాలో భాగం. ఒకే ప్రశ్న ఒకచోట అనుచితం, మరోచోట అవసరం.

ఎంబీఏ ఇంటర్వ్యూ దాటకపోతే మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చు, వేరే స్కూలు చూసుకోవచ్చు. గైడ్ వద్దంటే ఇంకో గైడ్‌కు రాయవచ్చు. జీఎస్‌లో విశ్వవిద్యాలయం కాదంటే ఆఫర్ వెనక్కిపోతుంది, కానీ వీసా చరిత్రలో మచ్చ పడదు. అదే వీసా దశలో తిరస్కరణ వస్తే రుసుము పోతుంది, ఆ సంగతి తరవాతి ప్రతి దరఖాస్తులోనూ చెప్పాల్సి వస్తుంది. ఆస్ట్రేలియా బయటి నుంచి దరఖాస్తు చేసినవారికి ట్రైబ్యునల్‌లో పునర్విచారణ కోరే హక్కు సాధారణంగా ఉండదు. ఆ లెక్కన విశ్వవిద్యాలయం ముందే చెప్పే ‘కాదు’ కొంత మేలే.

విమర్శలు

జీఎస్ ఇంటర్వ్యూ మీద విమర్శలున్నాయి. అనర్గళంగా మాట్లాడే నగర విద్యార్థి గట్టెక్కుతాడని, విషయం తెలిసినా మాట తడబడే గ్రామీణ విద్యార్థి అనుమానితుడవుతాడని ఒకటి. వలస అధికారుల పనిని ఫీజు మీద ఆధారపడ్డ సంస్థలకు అప్పగించడం సరికాదని మరొకటి. కన్సల్టెన్సీల సంగతి మూడోది. చాలా కన్సల్టెన్సీలకు విద్యార్థి చేరితే విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ వస్తుంది కాబట్టి, విద్యార్థికి తగిన కోర్సు కన్నా తమకు తగిన కోర్సు చూపే ప్రమాదం ఉంది. జవాబుల పత్రం ఇచ్చి వల్లె వేయించడం ఆ వ్యాపారంలో భాగమైంది. పది మంది ఒకే వాక్యం చెబితే పదకొండోవాడి నిజం కూడా నమ్మకం కోల్పోతుంది.

వల్లె వేయడం కన్నా మంచి దారి ఉంది. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 34 వేలకు పైగా ఉంటే, 2021కి ఆ సంఖ్య 59 వేలు దాటింది. ఎంబీఏ తరగతిలో, ప్రయోగశాలలో, జీఎస్ వడపోత దాటిన కోర్సుల్లో ఇప్పటికే చదివిన తెలుగువారు అక్కడ దొరుకుతారు. కొత్తగా వెళ్లేవారికి వారితో ఒక గంట మాట్లాడటం జవాబుల పత్రం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఒకే ప్రశ్న, మూడు జవాబులు

మూడు ఇంటర్వ్యూల్లోనూ తప్పక ఎదురయ్యే ప్రశ్న ‘ఆస్ట్రేలియానే ఎందుకు?’. బిజినెస్ స్కూలు ఆ ప్రశ్న వేసినప్పుడు వినాలనుకునేది అభ్యర్థి ఉద్యోగ జీవితం: గనుల కంపెనీల సరఫరా వ్యవస్థలో పనిచేసిన ఇంజనీరుకు గనుల మీద బతికే ఆర్థిక వ్యవస్థలో ఎంబీఏ ఎందుకు కలిసొస్తుందో చెప్పాలి. గైడ్ అడిగినప్పుడు దేశం పేరు దాదాపు అప్రస్తుతం. ఆ ప్రయోగశాలలో ఉన్న పరికరం, ఆయన రాసిన పత్రం, తనకు పట్టుకున్న సమస్య చెబితే చాలు. జీఎస్ అధికారి అడిగినప్పుడు కావలసింది సరిపోల్చి చూసిన లెక్క: ఇదే చదువు హైదరాబాదులో ఎంతకు దొరుకుతుంది, అక్కడ అదనంగా ఏం వస్తుంది, ఆ అదనానికి ఇల్లు పెట్టే ఖర్చు తగినదేనా. మూడో జవాబు తీసుకెళ్లి గైడ్ ముందు చెబితే ఆయనకు ఆసక్తి పోతుంది. మొదటి జవాబును జీఎస్‌లో చెబితే డబ్బు ప్రశ్న మిగిలిపోతుంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక వచ్చే ఈమెయిల్‌లో ‘ఇంటర్వ్యూ’ అన్న మాట కన్నా ముందు చదవాల్సింది, కింద సంతకం చేసిన వ్యక్తి ఏ విభాగంలో పనిచేస్తున్నాడన్నది.